మాదే, మాది కాదు

సుభాష్‌పల్లిలో నేను అద్దెకున్న ఇంట్లో మధ్యాహ్నాలు మత్తుగా ఉండేవి. అన్నాలయ్యాక వీధిలో పిల్లి కూడా తిరిగేది కాదు. దూరంగా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు నా నిద్రలోకి వచ్చి ఇంకేదో అయిపోయేది. ఒకసారి ఎవరో తలుపు తడుతున్నట్టు, ఇంకోసారి పెళ్ళిలో గిన్నెలు కడుగుతున్నట్టు. పట్టపగలు కలలు కనడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. ఖమ్మంలో మా బడి పంతులు "ఈ పిల్ల ఒళ్ళు ఇక్కడ, మనసు మధిరలో" అనేవారు. మనసు ఖరగ్‌పూర్ దాకా వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో నేను చేసే పరిశోధన పేరు చెబితే మా ఇంట్లోవాళ్ళకే అర్థం కాదు. పని చెబుతాను. కోర్టు తీర్పుల్ని కంప్యూటరు చేత చదివిస్తాం. కొత్త కేసు ఒకటి చెబితే, దానికి దగ్గరగా ఉన్న పాత తీర్పుల్ని అది వెతికి పెట్టాలి. మాటలు కలవకపోయినా సంగతి కలిస్తే పట్టుకోవాలి. పెళ్ళి పందిట్లో ఎవరూ చెప్పకుండానే ఏ వైపు చుట్టాలు ఆ వైపు చేరిపోతారు చూడండి, వేలకొద్దీ తీర్పులు కంప్యూటరు లోపల అలా చేరిపోతాయి. నాకు ఆ చేరడం చూస్తూ కూర్చోవడమే ఇష్టం. డిగ్రీ సంగతి మా ప్రొఫెసరుగారు చూసుకునేవారు.

మొదట ప్రేమ్ బజార్‌లో ఉండేదాన్ని. ఆవనూనె కూరలు తిని తిని నాలుక చచ్చిపోయాక, ఎవరో చెబితే తెలుగువాళ్ళుండే సుభాష్‌పల్లికి మారాను. చారు కోసం ఇల్లు మారిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. ఇల్లుగలావిడది శ్రీకాకుళం వైపు. భర్త రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి, నేను చేరిన ఏడాదే పోయాడు. మొదటి రోజు నేను ఆంటీ అన్నందుకు ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"ఆంటీ ఏటి? నాకు ఇంగిలీసు సుట్టరికాలొద్దు. అత్తా అను."

అప్పటి నుంచి అత్తే.

భర్త పోయిన కొన్నాళ్ళకు కుటుంబ పెన్షన్ కోసం ఆఫీసుకు వెళ్తూ అత్త నన్ను తోడు తీసుకెళ్ళింది. గుమస్తా మంచివాడే. అడగాల్సినవన్నీ అడుగుతూ, తలెత్తకుండానే, ఇది మీకు మొదటి పెళ్ళేనా దీదీ అన్నాడు. అవునంటే అయిపోయేది.

"కాదు దాదా, మారుమనువు," అంది అత్త.

అక్కడితో ఆగిందా? వచ్చిన బెంగాలీలో అంతా చెప్పింది. మొదట కట్టుకున్నవాడితో పొసగలేదు. పెద్దలు కూర్చుని విడదీశారు. ఆ తర్వాత ఈయన్ని చేసుకుని ఈ ఊరొచ్చింది. వాళ్ళ వైపు అది తాతల నాటి పద్ధతి, ఊళ్ళో దాన్ని ఎవరూ తప్పనరు. గుమస్తా పెన్ను కింద పెట్టి, కోర్టు విడాకుల కాగితం ఉందా అని అడిగాడు. పెద్దలు విడదీస్తే మధ్యలో కోర్టెందుకు అని అత్త ఎదురడిగింది. అతను నా వైపు జాలిగా చూశాడు. మొదటి పెళ్ళి తెగినట్టు కాగితం లేనప్పుడు రెండో పెళ్ళిని ఆఫీసు ఒప్పుకోలేదట. మీరు ఆయన భార్యేనని కోర్టు చేత చెప్పించుకుని రండి, అప్పుడు నాకేం అభ్యంతరం లేదన్నాడు.

టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఇంటికి వస్తున్నాం. పూరీ గేట్ దాటాక అత్త, నన్ను కాదన్నట్టు, రోడ్డును అడిగింది.

"ఇన్నేళ్ళు ఒండిపెట్టినాను. సివరికి నోట్లో నీళ్ళు పోసినాను. మరి నాను ఆయనకేటి అవుతానంట?"

డబ్బు గురించి ఒక్క మాటా అనలేదు. ఆ ఒక్క ప్రశ్నే ఆ రోజు నుంచి మా ఇంట్లో తిరిగింది.

సాయంత్రానికి ఎదురింటామె వచ్చింది. ఆమెదీ అదే వైపు. భర్త అదే వర్క్‌షాప్‌లో రిటైరయ్యాడు, కోడలు బడిలో టీచరు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటారు, రోజుకోసారైనా తిట్టుకుంటారు.

"ఒలమ్మో! కొరివితో తల గోక్కున్నావే వొదినా! అవునని ఒక్క ముక్కంటే నీ సొమ్మేటి పోనాది? ఇంత వొయసొచ్చినా నోరు కట్టుకోడం తెలీదు."

"ఆయన బతికున్నన్నాళ్ళూ నాను దాయనేదు. ఇప్పుడు పోనాక ఆడతానా అబద్దం?" అంది అత్త.

ఎదురింటామె మొహం ఎర్రగా అయింది. అత్తకంటే ఆమెకెందుకు అంత కోపమో నాకు అప్పుడు అర్థం కాలేదు. నోటిదురుసు మనిషి అనుకున్నాను. నాకామె మీద అప్పటికే కొంచెం చిరాకు.

మేదినీపూర్ కోర్టులో ఒక లాయరమ్మ కేసు తీసుకుంది. దీదీ అనేవాళ్ళం. దీదీ చెప్పింది నేను అత్తకు తెలుగులో చెప్పాను. చట్టం ఆచారపు విడాకుల్ని కొట్టిపారేయలేదు. కాని అలాంటి ఆచారం నిజంగా ఉందని మనమే చూపించాలి. దానికి రెండు దారులు. ఆ ఆచారాన్ని ఇంతకు ముందే కోర్టులు మళ్ళీ మళ్ళీ ఒప్పుకున్న తీర్పులు తేవడం ఒకటి. అలాగే విడిపోయి మారుమనువు చేసుకున్న ఇంకో ఆడమనిషి బోనెక్కి, నేనూ అలాగే చేసుకున్నానని చెప్పడం ఇంకొకటి.

"రెండోది కుదరదు," అంది అత్త వెంటనే. "ఈ ఊర్లో అందరూ దాసుకునే బతుకుతున్నారు. పిల్లలకే తెలీదు. నా గడప నిలబెట్టుకోడానికి ఇంకొకరి గడప తవ్వనా? నీ మిసను ఉన్నాది గదా, దాన్నడుగు."

అడిగాను. ఆచారపు విడాకులు అని ఇస్తే, అది ఎక్కడెక్కడి పట్నాల గొడవలో తెచ్చి పోసింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడిపోయినవాళ్ళు, ఫ్లాటు కోసం కొట్టుకున్నవాళ్ళు. పైగా నా ప్రయోగంలో ఇంకో భాగం ఉంది, కేసు వివరాలు ఇస్తే గెలుపో ఓటమో అంచనా వేస్తుంది. దానికి అత్త కథంతా ఇచ్చాను. ఓటమి అంది. మహా ధీమాగా అంది. నేను చేతులారా పెంచిన ప్రోగ్రాము, నా అత్తను పట్టుకుని నువ్వు భార్యవి కావు పొమ్మంది. ల్యాబ్ తలుపు దబాలున వేసి బయటికొచ్చాను. సైకిలు తొక్కుకుంటూ ఎటు వెళ్ళానో కూడా గుర్తులేదు. సాలచెట్ల కింద ఎర్రమట్టి దారి, ఎండ, నా ఏడుపు, అంతే గుర్తుంది.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"దానికి మా ఆయన తెలుసేటి?"

"తెలీదత్తా."

"నాను తెలుసేటి?"

"తెలీదు."

"మరి ఎందుకే ఏడుస్తావు?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు, ఓడిపోయినవాళ్ళ తీర్పులు వరసగా చదివాను. అందరూ మా కులంలో ఆచారం ఉందన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. నా ప్రోగ్రాముకు తెలిసిన లోకం అంతే. అలా ఓడినవాళ్ళ మధ్యే గెలిచినవాళ్ళు కొద్దిమంది ఎక్కడో ఉండి ఉండాలి, వాళ్ళను అది గుర్తుపట్టడం లేదు. మా పనిలో దానికొక పద్ధతుంది. విషయం తెలిసినవాళ్ళకు ఒక్కో తీర్పూ చూపించి, ఇది దగ్గరిదా కాదా అని మార్కు పెట్టిస్తాం. ఆ మార్కులు చూసి కంప్యూటరు తన వరస మార్చుకుంటుంది. మామూలుగా ఆ పని లా చదివే పిల్లలు చేస్తారు. మారుమనువు సంగతి వాళ్ళకేం తెలుసు?

అలా మా వసారాలో మధ్యాహ్నపు చదువులు మొదలయ్యాయి. అత్త గుమ్మానికి ఆనుకుని కూర్చునేది. ఎదురింటామె తిడుతూనే మురీల, అదే మరమరాల, గిన్నెతో వచ్చి చాప మీద చేరేది. నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఇంగ్లీషు తీర్పులో కథ మట్టుకు తెలుగులో చెప్పేదాన్ని. అయ్యాక వాళ్ళు మాదే అనో, మాది కాదు అనో అనాలి. ఎవరి మార్కు వాళ్ళకు వేరుగా పెట్టేదాన్ని.

నెమ్మదిగా వాళ్ళిద్దరికీ అందులో ఆడవాళ్ళు చుట్టాలైపోయారు. తీర్పులో వాళ్ళను వాది అనీ, రెండో ప్రతివాది అనీ, మూడో సాక్షి అనీ అంటారు. వాళ్ళు ఎప్పుడో పోయుంటారు. ఒకామె ఇత్తడి బిందె ఒక్కటే తీసుకుని అత్తవారింటి నుంచి వచ్చేసింది. ఒకామె మొగుడు సముద్రం మీదికెళ్ళి మాట లేకుండా పోయాడు. చెబుతూ చెబుతూ నాకూ నిద్ర ముంచుకొచ్చేది. ఆ నిద్రలో ఆ ఆడవాళ్ళు మా వసారాలోకి ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరికీ పేర్లు లేవు. తడి చీరలు, పసుపు పాదాలు. యార్డులో వ్యాగను కదిలితే అందరూ ఒక్కసారి తలలు తిప్పి చూసేవాళ్ళు. మెలకువ వచ్చేసరికి మళ్ళీ మేం ముగ్గురమే, కాకి ఒకటి మురీలు ఏరుకుంటూ.

ఇంత హాయిలోనూ పని మాత్రం చెడింది. ఎదురింటామె ఏది చదివినా మాది కాదు అనేది. అత్త మాదే అన్నదానికల్లా ఆమె కాదనాల్సిందే. అందులోనూ కొన్నిటికి కథ సగంలో ఉండగానే చెయ్యి విసిరి, "మాది కాదు, కాదు, తీసీ" అనేది. ఇద్దరి మార్కులూ కలిపి ఇస్తే కంప్యూటరు తికమకపడి మళ్ళీ ఫ్లాటు గొడవలకే పోయింది. నాకు ఒళ్ళు మండింది.

"అత్తా, రేపటి నుంచి ఎదురింటామెను రావద్దని చెప్పు. పని పాడు చేస్తోంది."

"రానీ," అంది అత్త. "ఇనడానికి వొస్తంది."

ఒక మధ్యాహ్నం ఆ ఇత్తడి బిందె ఆమె కథ మళ్ళీ అడిగారు. పెద్దలు గడ్డిపరక ఒకటి తుంచి ఆలుమగల చేతుల్లో చెరి సగం పెట్టారు, దాంతో వాళ్ళు వేరయ్యారు, అని తీర్పులో ఉన్నంతవరకే చెప్పాను. ఎదురింటామె మురీలు నమలడం ఆపింది.

"ఆ సగం పరకని ఏటి సేసినాదో రాయనేదా?"

"లేదు పిన్నిగారూ."

"గెడ్డ నీళ్ళల్లో ఇడిసీయాల. ఇడిసీసి ఎనక్కి సూడకండా నడిసీయాల. సూడకూడదు." ఆమె గిన్నెలోకే చూస్తోంది. "నాను సూసీసినాను. పాక ముందర మా మేక అరిసింది."

ఆమె గిన్నె తీసుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, వీధి దాటి వెళ్ళిపోయింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

"నీకు తెలుసా అత్తా?" అని అడిగాను.

"తెలకేటి? ఆ తగువు తీర్సిన పెద్దల్లో మా మాయ్య ఉన్నాడు." అత్త లేచి నా ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "సాచ్చెం సెప్పమని నాను అడగను. నువ్వూ అడగొద్దు. అడిగినావంటే నా ఇంట్లో ఉండొద్దు."

ఆ సాయంత్రం ఎదురింటామె మార్కులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఆమె గట్టిగా ఎక్కడ కాదందో అక్కడే ఆమె కథ ఉంది. ఆ గట్టి కాదుల్ని అవునుగా తిప్పేశాను, మామూలువి వదిలేశాను. చెయ్యి విసిరినవాటికి ఇంకొంచెం బరువిచ్చాను. కంప్యూటరు కాసేపు ఆలోచించి కొత్త వరస తెచ్చింది. పైనే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పాత తీర్పులు. వాళ్ళ కులమే, ఆ గడ్డిపరకే. అందులో కొన్నిట్లో ఈ ఆచారం ఉంది, ఈ విడాకులు చెల్లుతాయి అని కోర్టు స్పష్టంగా ఒప్పుకుంది. ఎప్పుడో పోయిన ఆడవాళ్ళు, బోనెక్కి నిలబడి, మేం ఇలా విడిపోయాం, ఇలా చేసుకున్నాం అని చెప్పినవాళ్ళు. నాకు గుండె నిండిపోయింది. దాచుకున్న మనిషి భయమే దారి చూపించింది, ఆ సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

దీదీ ఆ తీర్పులు చదివి చాలా సంతోషించింది. ఫోన్లో ఒక్క మాట మాత్రం మిగిల్చింది. ఇవన్నీ అక్కడి ఊళ్ళవి. ఇన్నేళ్ళ క్రితం బెంగాల్ వచ్చేసినవాళ్ళు ఆ ఆచారాన్ని అక్కడే వదిలేసి వచ్చారని అవతలి లాయరు అంటాడు. ఈ ఊరి నుంచి ఒక్క మనిషైనా ఉంటే బాగుంటుంది, లేకపోతే ఇక అదృష్టం మీద ఆధారపడాలి. అత్తకు ఆ మాట వసారాలోనే చెప్పాను. ఎదురింటామె అక్కడే ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. అత్త "సరే, అదృష్టమే అవనీ" అంది. ఎదురింటామె ఆ రోజు ఎవరినీ తిట్టకుండానే వెళ్ళిపోయింది. తర్వాత వసారాకి రావడం మానేసింది.

వాయిదా దగ్గరపడుతుండగా ఒక పొద్దున్న, నేను సైకిలు బయటికి తీస్తుంటే, గేటు దగ్గర నిలబడి ఉంది.

"పాపా, మీ దీదీకి నా పేరు కూడా ఇయ్యి."

అత్త లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. "వొద్దు వొదినా. నీ కోడలు, నీ కొడుకు... వొద్దు. నా మీద ఒట్టు."

"నీ ఒట్టు గట్టు మీద పెట్టు. నా కోడలి సంగతి నాను సూసుకుంటాను."

గిరి మైదాన్ స్టేషన్లో లోకల్ రైలెక్కి ముగ్గురం మేదినీపూర్ వెళ్ళాం. ఎదురింటామె గంజి పెట్టిన చీర కట్టుకుంది. కోర్టు హాల్లో ఫ్యాను ఒకటి ఎక్కడో పైన, నిద్రలో తిరుగుతున్నట్టు తిరుగుతోంది. ఆమె బోనెక్కి, బెంగాలీలో, తడబడకుండా చెప్పింది. మొదటి మొగుడు, పెద్దలు, పరక, గెడ్డ, తర్వాత మారుమనువు, ఈ ఊరు. అవతలి లాయరు మర్యాదగానే అడిగాడు. అది మీ ఆచారమైతే, తప్పు కానిదైతే, మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?

ఆమె కొంగు సర్దుకుని లాయరు వైపు తిరిగింది.

"మా ఊర్లో ఉన్నప్పుడు దాయనేదు బాబూ," అంది. కోపంలో బెంగాలీ వదిలేసి తెలుగులోకి వచ్చేసింది, మళ్ళీ సర్దుకుని బెంగాలీలోనే పూర్తి చేసింది. "ఇక్కడికొచ్చాక మీ అందరి మొహాలూ చూసి దాచడం నేర్చుకున్నాను. మా ఆచారం మాతోనే వచ్చింది. సిగ్గే ఇక్కడ అంటింది."

జడ్జిగారు తలెత్తి ఆమెను చూశారు. తర్వాత రాసుకున్నారు.

తీర్పు చాన్నాళ్ళకు వచ్చింది. సంగతి ఇక్కడే చెప్పేస్తాను: అత్త ఆయన భార్యే అని కోర్టు చెప్పింది. పాత తీర్పులనూ చెప్పింది, మూడో సాక్షి అంటూ ఎదురింటామె మాటనూ చెప్పింది. ఆ రోజు అత్త ఆయన ఫోటో ముందు దీపం పెట్టి, "ఇన్నావా?" అని మాత్రం అంది. కాని ఆ కేసు తలచుకుంటే నాకు కళ్ళ ముందుకొచ్చేది తీర్పు కాదు, సాక్ష్యం చెప్పిన సాయంత్రం తిరుగు రైలు.

బండి దాదాపు ఖాళీగా ఉంది. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలుతోంది. అత్త, ఎదురింటామె పక్కపక్కనే కూర్చున్నారు. నేను ఎదురుగా, సగం నిద్రలో. కంసావతి వంతెన మీదికి వచ్చేసరికి చప్పుడు మారింది. కింద ఇసుక, సన్నటి నీళ్ళు. అప్పుడు అడిగింది అత్త, పొద్దున్నుంచి లోపల దాచుకున్న మాట.

"నీ కోడలికేటి సెప్తావే?"

"సెప్పీసే వొచ్చినాను. రాత్రి కూసోబెట్టి అంతా సెప్పినాను."

"ఏటన్నాది?"

ఎదురింటామె నీళ్ళ వైపే చూస్తోంది.

"మొగుడు కొడితే వొచ్చీడానికి దారుండేదా అత్తా మీకు, అని అడిగినాది. ఉండేదమ్మా అన్నాను. అప్పుడు ఏడిసినాది. 'మా అమ్మకి ఆ దారి నేకపోయింది' అన్నాది."